తడి బండికే తప్పిన లెక్క: పత్తి మిల్లులో ఒక చిన్న బైట్‌కోడ్ యంత్రం

నేపథ్యం

హన్మకొండలో నాది చిన్న వర్క్‌షాపు. కాంటా నుంచి బరువు తీసుకుని, లెక్క కట్టి, చీటీ కొట్టే డబ్బాలు చేసి ఇస్తుంటాను. ఈ కేసు వరంగల్ చుట్టుపక్కల ఉన్న ఒక జిన్నింగ్ మిల్లుది. మిల్లు పేరు, ఊరు, మనుషుల పేర్లు రాయడం లేదు. బరువులు, ధరలు ఎవరివో గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను. తప్పు ఎట్లా పుట్టిందో, ఎట్లా దొరికిందో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పత్తి కొనుగోలు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పత్తి ధర తేమ మీద నడుస్తుంది. తేమ 8 శాతం దాకా ఉంటే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం దాకా ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోస్తుంది. 12 దాటితే కొనదు. 2024-25 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు రూ.7,521. అదే పత్తిలో తేమ 10 శాతం ఉంటే రైతుకు వచ్చేది రూ.7,370.58. ప్రైవేటు మిల్లులు 12 దాటిన పత్తిని కూడా దింపుకుంటాయి గానీ కోత వాళ్ల సొంత లెక్క. ఆ లెక్క సీజన్ పొడుగునా ఒకేలా ఉండదు. అక్టోబరు వానలకు తడిసిన మొదటి ఏరుడు పత్తికి ఒక తీరు, సంక్రాంతి తర్వాత ఎండిన పత్తికి మరో తీరు.

డబ్బాలో ఉన్నది ఏటీమెగా 328పీ చిప్. ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు, కరెంటు పోయినా నిలిచే ఈఈప్రామ్ 1 కిలోబైటు, వేగం 16 మెగాహెర్ట్జ్. వే బ్రిడ్జి ఇండికేటర్ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది, దాన్ని మేం ముట్టుకోం. అది సీరియల్ వైరు మీద పంపే బరువును మాత్రం చదువుకుంటాం. ఆనాటి ధరను గుమాస్తా పొద్దున ఒక్కసారి కీప్యాడ్ మీద కొడతాడు. తేమను మీటరులో చూసి బండి బండికీ కొడతాడు.

సమస్య

కోత లెక్క మారిన ప్రతిసారీ నేను ల్యాప్‌టాప్ పట్టుకుని మిల్లుకు పోవాల్సి వచ్చేది. డబ్బా విప్పి ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లో ఉండే ప్రోగ్రాం, మళ్లీ ఎక్కించాలి. అంతసేపూ గేటు బయట బండ్లు వరుస కట్టి ఉంటాయి. రాత్రి రెండింటికి ట్రాక్టరు కట్టుకుని వచ్చిన రైతు నా ల్యాప్‌టాప్ వైపు చూస్తూ నిలబడితే చేతులు ఆడవు.

మొదట చేసినవి

మొదటి ప్రయత్నం సెట్టింగుల పట్టిక. తేమ హద్దులు, కోత శాతాలు, హమాలీ రేటు, అన్నీ కలిపి పన్నెండు అంకెలు. వాటిని కీప్యాడ్ మీదే మార్చుకోవచ్చు. నెల తిరక్కుండానే ఇది చాలదని తేలింది. మారేది అంకె ఒక్కటే కాదు, లెక్క ఆకారమే మారుతుంది. 'పన్నెండు దాటితే పైన ఉన్న ఒక్కో శాతానికి రెండు' అనేది అంకె కాదు, షరతు.

తర్వాత ఏ మిల్లుకు ఆ మిల్లు ఫర్మ్‌వేర్ వేరుగా పెట్టాను. ఒక మిల్లుది ఇంకో మిల్లుకు ఎక్కించిన రోజున ఆ పని మానేశాను.

మూడోది సూత్రాన్ని వాక్యంగానే డబ్బాకు పంపి, అక్కడే విడగొట్టి లెక్క కట్టించడం. టేబుల్ మీద బాగానే నడిచింది. కానీ బ్రాకెట్లో బ్రాకెట్ వచ్చేకొద్దీ, వాక్యాన్ని విడగొట్టే పార్సర్ తనను తానే పిలుచుకుంటూ ర్యామ్ తినేస్తుంది. ప్రింటరు బఫరు, సీరియల్ బఫరు పోను మిగిలే చోటు ఎంతని? అంతకంటే పెద్ద చిక్కు, సూత్రంలో తప్పుంటే ఆ సంగతి బండ్లు నిలబడ్డ పొద్దుగాల ఆరింటికి, గుమాస్తా ముందు బయటపడుతుంది. తప్పు ఏదైనా నా బల్ల దగ్గరే ఆగాలి. నాలుగో దారికి నన్ను మళ్లించింది ఈ ఆలోచనే.

బైట్‌కోడ్ వైపు ఎందుకు

ఈ చిప్‌లో ప్రోగ్రాం నడిచే చోటు, డేటా ఉండే చోటు వేర్వేరు. ర్యామ్‌లోనో ఈఈప్రామ్‌లోనో పెట్టిన యంత్ర సంకేతాలను ఇది నేరుగా నడపలేదు. కొత్త లెక్కను డేటాగా పంపి నడిపించాలంటే, ఆ డేటాను చదువుతూ పని చేసే చిన్న కల్పిత యంత్రం ఒకటి ఫ్లాష్‌లో ఉండాలి. అది చదివే ఆ ఆదేశాల డేటానే బైట్‌కోడ్. ఇదేమీ కొత్త ఉపాయం కాదు. 1970లలో యూసీఎస్‌డీ పాస్కల్ ఇట్లాగే పీ-కోడ్ ఆసరాతో రకరకాల చిన్న కంప్యూటర్ల మీద నడిచింది. జావా, పైథాన్‌ల లోపల ఈ రోజుకూ నడిచేది స్టాక్ బైట్‌కోడే. స్టాక్ అంటే విలువల దొంతర, చివర పెట్టినదే మొదట తీస్తాం.

స్టాక్ వద్దు, రిజిస్టర్లు (విలువలు పెట్టుకునే నంబర్ల గదులు) పెట్టు అని ఒక మిత్రుడు అన్నాడు. ఆ మాటలో బలం ఉంది. లువా భాష 2003లో 5.0తో స్టాక్ వదిలి రిజిస్టర్ల వైపు వెళ్లింది, ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు ప్రోగ్రాంలను నడిపిన డాల్విక్ కూడా రిజిస్టర్ యంత్రమే. అట్లా చేస్తే ఆదేశాల సంఖ్య తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. నాకు కావలసింది వేగం కాదు. లెక్క తేలడానికి పట్టే కాలం కంటే చీటీ ప్రింటరులోంచి బయటికి రావడానికి పట్టే కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. నాకు కావలసినవి చిన్న కోడు, సులువైన కంపైలరు, అంటే నేను రాసిన లెక్కను బైట్‌కోడ్‌గా మార్చే ప్రోగ్రాం. స్టాక్ యంత్రానికి కంపైలర్ రాయడమంటే లెక్కను వెనక గుర్తు రూపంలోకి మార్చడమే. ముందు రెండు విలువలు, తర్వాత చేయాల్సిన పని. ఏ విలువ ఏ రిజిస్టరులో ఉండాలన్న బెంగ ఉండదు.

ఇరవై రెండు ఆదేశాలు పెట్టుకున్నాను. ఒక్కోదానికి ఒక బైటు, వెంట అవసరమైతే అంకె. స్టాక్‌లో 32 గదులు, గదికి నాలుగు బైట్లు. దానికి ఆనుకునే చరరాశుల గదులు: సున్నా నంబరు గదిలో ధర, తర్వాత బరువు, తేమ, కోత వగైరా. కంపైలర్ నా ల్యాప్‌టాప్‌లో పైథాన్‌లో రాశాను. అది తయారు చేసే ఫైలు రెండు వందల బైట్లు దాటదు. ఫైలును వాట్సాప్‌లో పంపితే గుమాస్తా తన ఫోన్ నుంచి బ్లూటూత్ మీద డబ్బాకు ఎక్కిస్తాడు.

సేటుకు ఒక షరతు పెట్టాను. మొదటి రెండు వారాలు డబ్బా చీటీ పక్కన గుమాస్తా చేతిలెక్క కూడా నడవాలి. రెండూ కలిస్తేనే రైతుకు డబ్బు.

మొదటి దెబ్బ: పొంగిన అంకె

ఆ షరతు వారంలోపే అక్కరకొచ్చింది. ఒక డీసీఎం వచ్చింది. నికర బరువు 2,990 కిలోలు, ధర రూ.7,200, తేమ కోత లేదు. హమాలీ తీయకముందు రావాల్సింది రూ.2,15,280. చీటీ మీద ఉన్నది రూ.2,14,216.72. తేడా రూ.1,063.28. గుమాస్తా చేతిలెక్క లేకపోతే ఎవరూ గమనించేవారు కాదు. పెద్ద మొత్తంలో వెయ్యి తేడా కంటికి ఆనదు.

తప్పు ఇట్లా జరిగింది. పైసల్లో ధర 7,20,000. దాన్ని కిలోలతో గుణించి వందతో భాగించాలి. 2,990తో గుణిస్తే 215,28,00,000. 32 బిట్ల సంకేత పూర్ణాంకం పట్టేది 214,74,83,647 వరకే. సీ భాషలో అట్లా పొంగితే ఏం రావాలన్న నియమమే లేదు. ఈ చిప్ మీద మాత్రం అది చుట్టు తిరిగి రుణ సంఖ్య అయింది, −214,21,67,296. వందతో భాగించాక, హద్దు అప్పుడే దాటింది కాబట్టి, పరిమాణం అసలు మొత్తానికి దగ్గరగానే ఉంది. నా ప్రింటు కోడులో మైనస్ గుర్తుకు చోటే లేదు. రెండు పొరపాట్లు కలిసి, నమ్మేటట్టున్న ఒక తప్పుడు చీటీని తయారు చేశాయి. 2,980 కిలోల దాకా అంతా సరిగ్గా ఉండేది. నేను పరీక్షించినవన్నీ పద్దెనిమిది, ఇరవై క్వింటాళ్ల ట్రాక్టర్లు.

64 బిట్ల స్టాక్ పెడదామా అనుకున్నాను. ర్యామ్ రెట్టింపు పోతుంది, పైగా ఇబ్బంది ఈ ఒక్క మెట్టు దగ్గరే. చార్ల్స్ మూర్ తయారు చేసిన ఫోర్త్ భాషలో దీనికి ఎప్పటి నుంచో జవాబుంది. స్టార్-స్లాష్ అనే పదం రెండు అంకెలను గుణించి మూడోదానితో భాగిస్తుంది, మధ్యలో వచ్చే లబ్ధాన్ని మాత్రం రెట్టింపు వెడల్పులో పట్టుకుంటుంది. అదే పద్ధతిలో 'గుణభాగం' అని కొత్త ఆదేశం పెట్టాను. మామూలు గుణకారం ఆదేశాన్ని తీసేశాను. అది ఉంటే ఏదో ఒక రోజు నేనే వాడేస్తాను. మొత్తం రుణ సంఖ్య అయితే చీటీ కొట్టకుండా తెర మీద 'లెక్క తప్పు' అని చూపించి ఆగేటట్టు మార్చాను.

అసలు కథ: వాన పడ్డ రోజులు

రెండు వారాల జంట లెక్క ముగిసింది, అన్నీ ఎండ రోజులే. తర్వాత వాన పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం గుమాస్తా ఫోను.

"సార్, పొద్దుగాల సంది మంచిగనే కొట్టింది. ఇప్పుడు ధర ఒక్క రూపాయని చూపిస్తుంది. ఆనక లెక్క తప్పంటుంది. బంద్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మంచిగైంది."

ఎండ రోజుల్లో లేదు, వాన రోజుల్లోనే ఉంది. పొద్దున ఉండదు, మధ్యాహ్నానికి వస్తుంది. ఆపి వేస్తే పోతుంది. ఇన్నేళ్ల అనుభవంలో ఈ మూడూ వింటే నాకు తట్టేది ఒక్కటే, కరెంటు. మిల్లులో పెద్ద మోటార్లు మొదలైనప్పుడు వోల్టేజీ పడుతుంది. తేమకు కనెక్టర్లు చెడుతాయి. అడాప్టరు మార్చాను, కెపాసిటర్ పెంచాను, డబ్బాలో సిలికా జెల్ పెట్టాను, కీప్యాడ్ కొత్తది బిగించాను. నాలుగు రోజులు పోయాయి. తప్పు పోలేదు.

అయిదో రోజు వాన తెరిపిచ్చి ఎండ గట్టిగా కాసింది. ఆ మధ్యాహ్నం కూడా డబ్బా తప్పింది. నేను మళ్లీ వైర్లు చూస్తుంటే గుమాస్తా అన్నాడు: "ఎండ గింత కొడ్తుంది గదా సార్. డబ్బాకు తడేడిది? తడంతా పత్తిలనే ఉంది."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాను. నాలుగు రోజులుగా నేను తేమను వాతావరణంగా చూస్తున్నాను. డబ్బాకు తేమ అంటే కీప్యాడ్ మీద వచ్చే ఒక అంకె. ఆ అంకె పెద్దదైనప్పుడు ప్రోగ్రాం వేరే దారిలో పోతుంది.

ఆనాటి చీటీల కట్ట తీసుకుని ఆఫీసు గచ్చు మీద వరుసగా పరిచాను. తేమ 12 దాటిన వాటికి ఎర్ర పెన్నుతో గీత పెట్టాను. తప్పు మొదటిసారి కనిపించిన చీటీ దగ్గరికి వచ్చేసరికి ఎర్ర గీతలు ఇరవై తొమ్మిది. ముందు రోజుల కట్టలు కూడా తెప్పించి లెక్కపెట్టాను. వాటిలోనూ ఇరవై తొమ్మిదే. కరెంటు ఇంత కచ్చితంగా లెక్కపెట్టదు.

ఆ ఇరవై తొమ్మిదో చీటీలోనే ఇంకో ఆనవాలు ఉంది. ధర అని అచ్చయింది 1.00. కింద మొత్తం మాత్రం పైసతో సహా సరిగ్గా ఉంది. అంటే లెక్కలో ధర వాడుకున్న తర్వాత, చీటీ అచ్చు కాకముందు, ధర గదిలో ఎవరో వంద రాశారు. వంద పైసలు, ఒక రూపాయి. నా ప్రోగ్రాంలో వంద వచ్చే చోటు ఒకటుంది. గుణభాగానికి ముందు భాజకంగా స్టాక్ మీద పెట్టే వంద. స్టాక్‌కు ఆనుకుని ఉన్నది ధర గది. స్టాక్ పొంగి పక్క గదిలోకి ఒలికింది.

నాలుగు కంటే ఎక్కువ గదులు వాడని ప్రోగ్రాంకు 32 గదులు ఎట్లా నిండాయి? 12 దాటినప్పుడు నడిచే భాగాన్ని కంపైలర్ ఇట్లా తయారు చేసింది (లోడ్ అంటే గదిలోని విలువను, పుష్ అంటే అంకెను స్టాక్ మీద పెట్టడం):

లోడ్ తేమ
పుష్ 120
పెద్దదా
కాకపోతే‌దూకు ముందుకు
లోడ్ కోత
లోడ్ తేమ
పుష్ 120
తీసివేత
కూడిక
దాచు కోత
ముందుకు:

తేమను శాతంలో పదో వంతులుగా పెట్టుకున్నాను కాబట్టి 120 అంటే 12 శాతం. నా భాషలో విలువను ఒక పేరులో దాచడం కూడా లెక్కలో భాగమే, సీ భాషలో మాదిరి. అంటే 'దాచు' విలువను గదిలో రాసి, స్టాక్ మీద కూడా ఉంచేస్తుంది. అది వాక్యమైతే చివర 'పారేయి' ఆదేశం రావాలి. మామూలు వాక్యాల దగ్గర వస్తోంది. 'అయితే' షరతు కింద ఒకే వాక్యం ఉన్నప్పుడు మాత్రం నా కంపైలర్ వాక్యాన్ని చదివే ఫంక్షన్‌కు బదులు లెక్కను చదివే ఫంక్షన్‌ను పిలిచింది. 'పారేయి' రాలేదు. తడి బండి వచ్చినప్పుడల్లా స్టాక్ అడుగున ఒక విలువ మిగిలిపోయింది. పొడి బండి ఆ దారి తొక్కదు కాబట్టి ఏమీ మిగలదు. ప్రతి బిల్లుకూ స్టాక్‌ను సున్నా చేయనక్కర్లేదనుకున్నాను, ప్రోగ్రాం సమంగా ఉంటే అదే సున్నాకు వస్తుందని. డబ్బా ఆపి వేసినప్పుడే సున్నా అయ్యేది.

ఇరవై తొమ్మిది మిగిలాక, హమాలీ తీసే దగ్గర నాలుగు విలువలు పైన చేరాలి: అప్పటిదాకా తేలిన మొత్తం, బరువు, హమాలీ రేటు, వంద. మొదటి మూడూ చివరి మూడు గదుల్లో సర్దుకున్నాయి. నాలుగోదైన వంద ధర గదిలో పడింది. గుణభాగం ఆ వందను అక్కడి నుంచే తీసుకుంది కాబట్టి ఆ బిల్లు మొత్తం సరిగ్గానే వచ్చింది. తర్వాతి బండికి క్వింటాల్ రూపాయి లెక్కన కట్టి, హమాలీ తీసేసరికి రుణ సంఖ్య అయి, 'లెక్క తప్పు' దగ్గర ఆగింది. పొంగిన అంకె కోసం పెట్టిన ఆ కాపలా లేకపోతే అట్లాంటి చీటీలు ఎన్ని బయటికి పోయేవో.

ఏది పని చేసింది

బిల్లు మొదట్లో స్టాక్‌ను సున్నా చేసేస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. సేటు కూడా అదే కోరాడు. ఆ పని చేశాను గానీ అక్కడితో ఆగలేదు. సున్నా చేయడం వల్ల తప్పు కనపడకుండా పోతుంది, తప్పుడు కోడు మాత్రం ఈఈప్రామ్‌లోనే ఉంటుంది. రేపు ఇంకో ఆకారంలో ఇంకో మిల్లులో తేలుతుంది.

మొదట భాషనే మార్చాను. దాచడం ఇక లెక్క కాదు, వాక్యం. 'దాచు' విలువను స్టాక్ మీది నుంచి తీసేస్తుంది. మర్చిపోవడానికి 'పారేయి' అనేదే లేకుండా పోయింది.

తర్వాత తనిఖీ. ఒక్కో ఆదేశం స్టాక్ మీది నుంచి ఎన్ని తీస్తుంది, ఎన్ని పెడుతుంది అని పట్టిక రాశాను. ప్రోగ్రాంను నడపకుండానే మొదటి నుంచి చివరి దాకా నడుచుకుంటూ పోయి, ప్రతి ఆదేశం దగ్గర స్టాక్ లోతు ఎంత ఉండాలో రాసుకుంటుంది. రెండు దారులు కలిసే చోట రెండు వైపుల నుంచీ ఒకే లోతు రావాలి. పైన చూపిన ముక్కలో 'ముందుకు' దగ్గర ఒక దారిలో సున్నా, ఇంకో దారిలో ఒకటి. అక్కడే తిరస్కరిస్తుంది. లోతు ఎక్కడా సున్నాకు దిగువకు పోకూడదు, 32 దాటకూడదు, చివర సున్నాకు రావాలి. దూకితే ఒక ఆదేశం మొదటి బైటు మీదే పడాలి, అంకె మధ్యలో కాదు. జావా యంత్రం కూడా క్లాసు ఫైలును నడిపే ముందు కలిసే చోట్ల ఇదే సమానత చూస్తుంది, గరిష్ఠ స్టాక్ లోతు ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది. ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. దాని అవసరం ఏమిటో ఆ గచ్చు మీద చీటీలు పరిచిన రోజు దాకా నాకు ఒంటబట్టలేదు.

వెనక్కి దూకడం పూర్తిగా నిషేధించాను. లినక్స్ కెర్నెల్ లోపల నడిచే ఈబీపీఎఫ్ అనే చిన్న బైట్‌కోడ్ ప్రోగ్రాంలకు కూడా 2019లో 5.3 వచ్చేదాకా లూపులు ఒప్పుకునేవాళ్లు కాదు. ముందుకే పోయే ప్రోగ్రాం తన పొడవుకు మించి అడుగులు వేయలేదు, కాబట్టి డబ్బా ఎప్పుడూ బిగుసుకుపోదు. తనిఖీ కూడా ఒకే చుట్టులో అయిపోతుంది. దానికి కావలసిన రెండు వందల బైట్ల ర్యామ్‌ను ప్రింటరు బఫరు నుంచే అరువు తీసుకుంటాను. లెక్క ఎక్కించేటప్పుడు చీటీ కొట్టే పని ఉండదు కదా.

ఈ తనిఖీ రెండు చోట్ల నడుస్తుంది, నా ల్యాప్‌టాప్‌లో ఒకసారి, డబ్బాలో ఎక్కేటప్పుడు మళ్లీ ఒకసారి. ల్యాప్‌టాప్‌లో పాసైనది డబ్బాలో ఎందుకు తప్పుతుందని అడిగారు కొందరు. దానికీ ఒక రోజు జరిగిన సంగతి ఉంది. గుణభాగం ఆదేశాన్ని చేర్చేటప్పుడు జాబితా మధ్యలో పెట్టాను, దాని కింది నంబర్లన్నీ ఒకటి చొప్పున జరిగాయి. పాత ఫర్మ్‌వేర్ ఉన్న డబ్బాకు కొత్త ఫైలు పోతే ప్రతి ఆదేశానికీ అర్థం మారిపోతుంది. అప్పటి నుంచి ఆదేశం నంబరు ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే. కొత్తది ఎప్పుడూ చివరనే చేరుతుంది, తీసేసినదాని నంబరు ఖాళీగా ఉండిపోతుంది. ఫైలు మొదటి బైటు వెర్షన్.

కరెంటు సంగతి కూడా పూర్తిగా వట్టిది కాదు. ఈఈప్రామ్‌లో ఒక బైటు రాయడానికి దాదాపు 3.4 మిల్లీ సెకన్లు పడుతుంది, రెండు వందల బైట్లకు అర సెకను దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే సగం పాత లెక్క, సగం కొత్త లెక్క. అందుకని రెండు చోట్లు పెట్టాను. కొత్తది ఖాళీ చోట రాసి, సీఆర్‌సీ (బైట్లు చెడిపోలేదని చూసే సరిచూపు అంకె) సరిపోయి, తనిఖీ పాసయ్యాకే ఏది వాడాలో చెప్పే ఒక్క బైటు మారుతుంది.

తర్వాతి సీజన్

మిల్లు కొత్త కోరిక పెట్టింది. బండిలో ఒకే చోట తేమ చూస్తే పైన ఎండిన పత్తి, అడుగున తడి పత్తి అని గొడవ వస్తోంది. అయిదు చోట్ల చూసి సగటు తీయాలి. రైతులూ అదే అడిగారట. న్యాయమైన కోరిక. లూపు ఉంటే రాయడం తేలికే, వెనక్కి దూకడాన్ని తెరవమని మిత్రుడు మళ్లీ అన్నాడు. తెరవలేదు. కంపైలర్ అయిదు లోడ్లు, నాలుగు కూడికలు విప్పి రాస్తుంది. కొన్ని బైట్లు ఎక్కువ పట్టాయి, అంతే.

చీటీ అడుగున, వాహనం నంబరు పక్కన, చిన్న అక్షరాల్లో ఒక అంకె అచ్చు వేయిస్తున్నాను. బిల్లు ముగిసేసరికి స్టాక్ మీద మిగిలిన లోతు అది. మొన్న తుఫాను వానకు మూడు రోజులు వరుసగా తడి బండ్లు వచ్చాయి. సాయంత్రం గుమాస్తా తనే ఫోను చేశాడు. "ఇయ్యాల నలభై మూడు తడి బండ్లు దిగినయి సార్. కట్టంతా తిప్పి చూసిన. అడుగున సున్నానే ఉంది."